కర్ర గొడుగుతో గోల్ఫ్

నవంబర్ 3, సోమవారం

వచ్చు అన్నాను.

అడిగింది రఘునందన్. సినిమాలకి నటుల్ని కుదిర్చే మేనేజరు. "రామయ్యగారూ, మీకు గోల్ఫ్ వచ్చా?" అన్నాడు ఫోన్లో. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నేను ఏదీ రాదని చెప్పిన పాపాన పోలేదు. గుర్రం వచ్చా అంటే వచ్చు. ఈత వచ్చా అంటే వచ్చు. ఈత వచ్చన్నందుకు గోదాట్లో గుటకలు మింగుతుంటే పడవవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు. ఆ షాట్ సినిమాలో ఉంది. మునిగిపోయేవాడిగా బాగా చేశానన్నారు. మనం రాదు అనడమే ఆలస్యం, వచ్చు అనేవాళ్ళు కృష్ణానగర్‌లో సందుకి పదిమంది.

పాత్ర హీరోయిన్ తండ్రి. పెద్ద బిల్డరు. గోల్ఫ్ మైదానంలో హీరోతో సీను. నేను కొట్టిన బంతి చెరువు మీదుగా ఎగిరి అవతలి గట్టున పడాలి, ఆ వెంటనే డైలాగ్. అంతా ఒకటే షాటు, మధ్యలో కట్ లేదు. డూప్ వద్దంటున్నాడట డైరెక్టర్ సిద్ధార్థ.

"చెరువు నూట అరవై గజాలండీ. మీకు చిన్న పనే కదా?" అన్నాడు రఘునందన్.

"చిన్న పనే" అన్నాను. గజాలంటే నాకు ప్లాట్లే తెలుసు. జూబ్లీహిల్స్‌లో నూట అరవై గజాలుంటే ఈ వేషాలు ఎందుకు వేస్తాను.

షూటింగు ఈ నెలాఖర్న. పోయిన సినిమాలో నా సీన్లన్నీ ఎడిటింగ్‌లో ఎగిరిపోయాయి. దాని ముందు సినిమాలో నా వీపు మిగిలింది. ఇదీ పోతే ఇక ఫోన్ మోగదు. నాకు తెలుసు.

లీలకి చెప్పాలి. వాళ్ళక్క పుష్పవల్లికి మోకాలి ఆపరేషన్ అని శ్రావణంలో భీమవరం వెళ్ళింది. వచ్చే వారం వచ్చేస్తుంది.

నవంబర్ 5, బుధవారం

టోలిచౌకి దాటి, కోట వెనకాల ఒక ప్రాక్టీసు మైదానం పట్టుకున్నాను. వరసగా నిలబడి ఎవరి బంతులు వాళ్ళు కొట్టుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నేర్పేది ఒకమ్మాయి, పేరు కెజియా. ఒకప్పుడు పోటీల్లో ఆడిందట. వాళ్ళది కాకినాడ, పెరిగింది యూసుఫ్‌గూడ, మాటలో రెండూ వినిపిస్తాయి.

నన్ను గుర్తుపట్టలేదు. టోపీ తీశాను. అప్పుడూ గుర్తుపట్టలేదు.

"యాక్టర్నమ్మా" అన్నాను.

"ఓకే సార్. గ్రిప్ చూపించండి" అంది.

నా చేతికి పెద్ద తలకాయ కర్ర ఇచ్చింది. దూరం కొట్టడానికి అదేనట, డ్రైవర్ అంటారు. బలమంతా కూడగట్టి ఊపాను. బంతి అక్కడే ఉంది. రెండోసారి ఊపాను. బంతి కుడివైపు తిరిగి వలకి తగిలింది. పక్కనున్న పెద్దమనిషి నవ్వలేదు, మర్యాదస్తుడు.

"పీక పిసికినట్టు పట్టుకున్నారు సార్. అప్పడం పట్టుకున్నట్టు పట్టుకోండి, విరగొద్దు. ఇంకోటి, చేతులతోని కొట్టకండి. చేతుల్లో అంత దమ్ముండదు. తిరగాలి మీరు."

సాయంత్రానికి మంచి దెబ్బ తొంభై గజాలు. నెలాఖరుకి నూట అరవై కావాలన్నాను. అదోలా చూసింది.

నవంబర్ 6, గురువారం

నడుం పట్టేసింది. ఇవాళ ఏమీ రాయను.

నవంబర్ 8, శనివారం

ఇంట్లో గోల్ఫ్ కర్ర ఎక్కడిది? లీల గొడుగుంది. వంకీ పిడి కర్ర గొడుగు, వాళ్ళమ్మది. తలుపు వెనక మేకుకి అలాగే వేలాడుతోంది. దాన్ని తీసుకుని మేడ మీదికి వెళ్ళి ఊపుతుంటే వాచ్‌మన్ బాలనర్సయ్య నీళ్ళ ట్యాంకు చూడ్డానికొచ్చి ఆగిపోయిండు. చూశారా, వీళ్ళ మాట నా చేతికీ అంటుకుంటోంది.

"ఏంది సార్, పామొచ్చిందా?"

"గోల్ఫ్ నేర్చుకుంటున్నానయ్యా."

"గొడుగుతోనా? అమ్మగారు చూస్తే ఊకుంటరా? ఎప్పుడొస్తరు అమ్మగారు?"

"వచ్చే వారం."

"పోయిన పండక్కి గూడ గట్లనే అన్నరు" అని ట్యాంకులోకి తొంగి చూశాడు. వీడికి అన్నీ గుర్తే, మోటారు కట్టెయ్యడం తప్ప.

వానల్లో ఊరెళ్ళిన మనిషి గొడుగు ఇక్కడ వదిలి వెళ్ళిందంటే ఏమిటి అర్థం? తిరిగొస్తుందనేగా. పైగా వాళ్ళమ్మ గొడుగు. మర్చిపోయే వస్తువు కాదు.

నవంబర్ 11, మంగళవారం

కెజియా ఇవాళ వరస చెప్పింది. కర్ర పైకి తిప్పేటప్పుడు బరువు కుడికాలి మీదికి రావాలి. కిందికి దిగేటప్పుడు ముందు ఎడమకాలు నేలని నొక్కాలి, తర్వాత నడుము తిరగాలి, ఆ వెనక భుజాలు, అన్నిటికన్నా చివర చేతులు. నాకు చేతులు ముందు పరిగెడుతున్నాయి. "పైన జర ఆగండి సార్. ఏం తొందర? ఎవరన్నా పిలుస్తున్నారా?" అంది.

పిలవడం లేదు, అదే కదా బాధ.

నూట పది. మళ్ళీ కుడివైపుకే వంకర.

లీలకి ఫోన్ చేస్తే పుష్పవల్లి ఎత్తింది. మోకాలు ఎలా ఉందన్నాను. "బాగానే ఉంది మరిదిగారూ, మెట్లెక్కేస్తున్నాను" అంది. ఆపరేషన్ అయిన మనిషి అలా మెట్లెక్కకూడదు, మనిషి సాయం ఉండాల్సిందే. లీల స్నానానికి వెళ్ళిందట. సాయంత్రం నాలుగింటికి.

నవంబర్ 15, శనివారం

తప్పు దొరికింది.

కెజియా నా ఎదురుగా నిలబడి ఫోన్లో వీడియో తీసి, మెల్లగా నడిపి చూపించింది. "మీరు తిరగడం లేదు సార్. భుజాలు పూర్తిగా తిరిగితే మీ వీపు అటువైపుకి, అంటే బంతి పోయే వైపుకి కనపడాలి. మీ ఛాతీ ఇక్కడే, నా వైపే ఉంది. చేతులొక్కటే పైకి లేపుతున్నారు. ఇంక దూరం ఎట్లా వస్తుంది?"

సరే, తిరుగుతానన్నాను. మళ్ళీ తీసింది. మళ్ళీ ఛాతీ అక్కడే. ఆ అమ్మాయికి ఏదో అనుమానం వచ్చింది. ఫోన్ పట్టుకుని నా వెనక్కి వెళ్ళింది. మెడ వెనక్కి తిరిగిందట. పక్కకి వెళ్ళింది. గడ్డం పక్కకి వెళ్ళిందట. నాకు తెలియనే తెలియదు.

"సార్! ఫోన్ ఎక్కడుంటే అక్కడికి మొహం పెడుతున్నారు!"

నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది. నేనూ నవ్వాను. ఏం చెయ్యను? గుంపులో ఒకడిగా మొదలుపెట్టిన వాణ్ణి. హీరో భుజానికీ ఫ్రేము అంచుకీ మధ్య ఎంత సందుంటుందో చూసుకుని అందులో మొహం దూర్చేవాణ్ణి. దూర్చినవాడు మిగిలాడు, వీపు తిప్పినవాడు ఊరెళ్ళిపోయాడు. కెమెరా ఎక్కడుందో నా చర్మానికి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది ఆ విద్యే.

ఫోన్ సంచిలో పడేసి జిప్పు వేసింది. "ఇప్పుడెవ్వరూ చూడట్లేదు. నేను గూడ అటు తిరుగుతున్నా. కొట్టండి."

కొట్టాను. నూట ముప్పై.

"చూశావా?" అన్నాను.

"చూడనన్నా కదా సార్. నూట ముప్పై గజాల బోర్డుకి తగిలిన చప్పుడు విన్నా."

నవంబర్ 16, ఆదివారం

ప్రాక్టీసు మైదానానికి సెలవు. ఫిల్మ్‌నగర్ గుడిదాకా నడిచి వచ్చాను. ఒకాయన నమస్కారం పెట్టాడు. నా వెనకాల వస్తున్న ఆయనకి.

నిన్నటి సంగతి నవ్వులాటే గానీ ఒకటి గుచ్చుకుంటోంది. లీల కూడా ఈ మాటే అనేది. "ఇంట్లో కూడా కెమెరా ఎక్కడుందా అని వెతుక్కుంటారు మీరు." దానికేం, అనేదేగా.

వైశాఖంలో మా అత్తగారు పోయినప్పుడు నేను ఏడ్చింది నిజమైన ఏడుపే. రాసి పెడుతున్నాను. ఆవిడ నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టింది! కృష్ణానగర్ గదిలో కామెర్లతో పడి ఉంటే కేరేజీ పట్టుకుని రైల్లో వచ్చిన మనిషి. ఏడవనా? ఎవరో పిల్లలు ఫోన్లో తీస్తున్నారు, అది నా తప్పా? వెలుతురు కిటికీలోంచి వస్తుంటే అటు తిరిగాను, అందులో ఏముంది? కళ్ళు ఎడమ చేత్తో తుడుచుకున్నాను. కుడి చెయ్యయితే మొహానికి అడ్డొస్తుంది. అది అలవాటు, అంతే.

పదకొండో రోజు వెళ్ళాక లీల ఆ వీడియో ఒక్కసారి చూసింది. "ఎంత బాగా ఏడ్చారండీ" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

నవంబర్ 17, సోమవారం

మెచ్చుకుంది. దాంట్లో అనుమానం ఏముంది.

నవంబర్ 20, గురువారం

నూట నలభై రెండు.

కెజియా వాళ్ళమ్మ హెలెన్‌గారు సినిమాలు బాగా చూస్తారట. నా ఫోటో చూపించిందట ఇంట్లో. "ఏమన్నారమ్మా?" అన్నాను ఆత్రంగా.

"చెప్పొద్దులే సార్."

"చెప్పమ్మా, ఏం పర్లేదు."

"'అయ్యో, ఈయన పోలేదా?' అంది."

చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం అనుకుని, గుర్తుందిగా అని సంతోషించాను. తర్వాత బుట్టలో ఉన్న బంతులన్నీ కసిగా కొట్టాను. ఒక్కటీ పోలేదు. కసికి చేతులు ముందొస్తాయి.

నవంబర్ 23, ఆదివారం

లీల ఫోన్ ఎత్తలేదు. అక్కడ కరెంటు పోయి ఉంటుంది.

నవంబర్ 24, సోమవారం

అక్కడ కరెంటు పోతే ఫోన్ మోగదా? రింగయింది కదా.

నవంబర్ 26, బుధవారం

ఇవాళ వచ్చింది!

పొద్దున మంచు ఇంకా గడ్డి మీద ఉంది. తొందరపడలేదు. ఎడమ భుజం గడ్డం కిందికి వచ్చేదాకా తిరిగాను. వీపు మొత్తం మైదానం వైపు. పైన ఆగాను. ఎడమకాలు నొక్కాను. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు, చేతులు వాటంతట అవే వచ్చాయి. చప్పుడు వేరేగా ఉంది. చేతికి బరువే తెలియలేదు. తల ఎత్తకూడదన్న మాట గుర్తుండి కిందికే చూస్తున్నాను, గడ్డిలో బంతిని నిలబెట్టిన చిన్న పుల్ల మాత్రం నిలబడి ఉంది.

"నూట డెబ్భై సార్! నూట డెబ్భై!" కెజియా అరిచేసింది. చెరువు దాటి ఇంకో పది గజాలు.

ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. ఇంత సంతోషం వస్తే మనిషి ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ఆటో అతనికి చెప్పాను. "అచ్ఛా" అన్నాడు. కూరగాయల దగ్గర చెప్పబోయి వంకాయలు కొన్నాను. బాలనర్సయ్యకి చెబితే "మంచిగైంది సార్, నల్లా ఇప్పుడొస్తది, బక్కెట్లు పెట్టుకోండ్రి" అన్నాడు. ఇల్లు తాళం తీసి, మూలన పడున్న గొడుగు మేకుకి తగిలించి, దానికే చెప్పాను. సిగ్గుగా ఉంది రాయడానికి. నూట డెబ్భై గజాలు కొట్టాను లీలా అని గొడుక్కి చెప్పాను.

నవంబర్ 29, శనివారం

షూటింగు అయిపోయింది.

ఊరి బయట గోల్ఫ్ మైదానం. తెల్లప్యాంటు, టోపీ, చేతికి తొడుగు, మేకప్ అంతా పూర్తయింది. చెరువు కోసం చూశాను. లేదు. దూరం దాకా గడ్డి, చివర తుప్పలు.

"చెరువేది బాబూ?" అన్నాను సిద్ధార్థతో. కుర్రాడే గానీ మర్యాద తెలిసినవాడు.

"చెరువు సీజీలో వేస్తాం సార్. బాల్ కూడా సీజీనే. మీరు ఊరికే ఊపండి చాలు, మొహం మాత్రం కెమెరాకి ఉండాలి."

"బంతి లేదా?"

"రిస్కెందుకు సార్, ఈ వయసులో మీకు."

వేషం పోతుందన్న భయంతో నెలరోజులు నడుం విరగ్గొట్టుకుంటే, చివరికి బంతే లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కసారి బంతితో కొట్టనివ్వు, రిహార్సల్ అనుకో అన్నాను. కెమెరా ఎలాగూ తిరుగుతుంది కదా అని ఒప్పుకున్నాడు.

కెమెరా నాకు ఎదురుగా ఉంది. పక్కన పెద్ద లైటు. నా చర్మం అటు లాగేసింది. అబద్ధం ఎందుకు, గట్టిగా లాగింది. ఈ సినిమాలో నాకున్న ఏకైక పెద్ద సీను ఇది. తిరిగితే మొహం పోతుంది. తిరక్కపోతే దెబ్బ పోతుంది. వాళ్ళకి కావలసింది మొహమే.

తిరిగాను. వీపు కనపడితే కనపడనీ అనుకుని పూర్తిగా తిరిగాను. పైన ఆగాను. ఎడమకాలు నొక్కాను.

ఆ చప్పుడే, బుధవారం నాటి చప్పుడు. ఇంకా మెత్తగా. నేను తల ఎత్తలేదు. బంతి ఉన్న చోట గడ్డినే చూస్తూ ఉండిపోయాను. ఎత్తేసరికి ఆకాశంలో ఏమీ లేదు. చుట్టూ చూశాను. అందరి తలకాయలూ మానిటర్‌లో ఉన్నాయి. మానిటర్‌లో నేనే ఉన్నాను, బంతి లేదు.

"సార్, బ్యాక్ వచ్చేసింది, ఫేస్ మిస్సయింది. వన్ మోర్. ఈసారి బాల్ లేకుండా."

చేతులు మాత్రం పైకి లేపి, ఛాతీ కెమెరాకి పెట్టి, ఎటో చూసి కళ్ళు చికిలించి డైలాగ్ చెప్పాను. ఒకటే టేకు. చప్పట్లు కొట్టారు. "ప్రొఫెషనల్‌గా ఆడినట్టుంది సార్" అన్నాడు సిద్ధార్థ. వేషం నిలబడింది.

నవంబర్ 30, ఆదివారం

లీల ఫోన్ ఎత్తింది.

వేషం గురించి చెబుదామని చేశాను. చప్పట్ల గురించి చెబుదామని మాటలు కూడా కుదుర్చుకున్నాను. నోరు తెరిస్తే వేరే వచ్చింది.

"నిన్న ఒక దెబ్బ కొట్టాను లీలా."

"ఎవర్ని?"

"బంతిని. గోల్ఫ్. చెరువు దాటాలి."

"దాటిందా?"

"చెరువు లేదు. కంప్యూటర్లో వేస్తారట."

"అయితే ఎంత దూరం పోయింది?"

"తెలియదు. చూడలేదు. తల ఎత్తితే దెబ్బ చెడిపోతుంది."

"మరి ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. సినిమాలో కూడా ఉండదు, మొహం పడలేదు కదా. కానీ బాగా తగిలింది. చేతులకి తెలిసింది."

"ఊఁ" అంది. విసుగు ఊఁ నాకు తెలుసు. ఇది అది కాదు. వినేటప్పుడు అనే ఊఁ. అది విని చాలా కాలమైంది.

వాయుగుండం అట, అక్కడ ఆగకుండా వాన. బయటికి వెళ్ళడానికి లేదంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"నీ గొడుగు ఇక్కడే ఉండిపోయింది. కొరియర్‌లో పంపించనా?"

గొడుగు వెళ్ళిపోతే, వచ్చే వారం అని ఇందులో రాసుకోవడానికి నా దగ్గర ఇంకేమీ ఉండదు. తెలిసే అడిగాను. లీల రాదు. అక్క మోకాలు బాగైపోయినా రాదు.

లీల అంది: "కొరియర్‌లో వేస్తే పుల్లలు విరుగుతాయి. అమ్మది. ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపండి."

డిసెంబర్ 2, మంగళవారం

గొడుగు పుల్ల ఒకటి నిజంగానే వంగింది, నా ఊపుడికి. బాలనర్సయ్య చెబితే రహమత్‌నగర్‌లో బాగుచేయించుకొచ్చాను. "అమ్మగారొస్తున్నరా?" అన్నాడు. "రావడం లేదు" అన్నాను. బాలనర్సయ్య మోటారు కట్టేసి వచ్చి, నా చేతిలో గొడుగు తీసుకుని తెరిచి, మూసి, "మంచిగ చేసిండు" అని ఇచ్చేశాడు.

భీమవరం వెళ్ళేవాళ్ళు ఎవరున్నారా అని రెండ్రోజులుగా ఆలోచిస్తున్నాను. రఘునందన్‌ది గుంటూరు. మేకప్ వాళ్ళబ్బాయిది తణుకు, కానీ వాడు సంక్రాంతికి తప్ప కదలడు. ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. అటు వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు.

నేనున్నాను.

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదంటే నన్నేమనాలి? ఎప్పుడు ఫోన్ మోగుతుందో, ఫిల్మ్‌నగర్ వదిలితే ఎవడు వేషం ఎగరేసుకుపోతాడో అని, ఆవిడ రావడం గురించే రాసుకున్నాను గానీ నేను వెళ్ళడం గురించి ఒక్క రోజూ రాయలేదు.

డిసెంబర్ 4, గురువారం

బట్టలు సర్దుతుంటే రఘునందన్ ఫోన్.

"రామయ్యగారూ, మీకు వీణ వచ్చా? రేపే షూటు. సంగీతం మాస్టారి వేషం, మంచి క్లోజప్పులున్నాయి."

"రాదు" అన్నాను.

"ఆఁ?"

"వీణ రాదండీ. రేపు నేను ఊళ్ళో ఉండను కూడా."

నేను లైన్లో ఉన్నానో లేనో అని రెండుసార్లు హలో అన్నాడు పాపం.

సాయంత్రం బండికి టికెట్టు దొరికింది. గొడుగుని పాత పంచెలో చుట్టాను. వస్తున్నానని లీలకి చెప్పలేదు. చెబితే, గుమ్మంలో ఎలా నిలబడాలో రైల్లోనే రిహార్సల్ మొదలుపెడతాను.